మిధాని కూడలి నుంచి చూస్తే మన రక్షణ వ్యూహం

హైదరాబాద్ పాతబస్తీ దాటాక, కంచన్‌బాగ్ దగ్గర ఒవైసీ ఆస్పత్రి కూడలి మీద ఒక ఫ్లైఓవర్ ఉంది. 2021 డిసెంబరులో తెరిచి దానికి ఏపీజే అబ్దుల్ కలాం పేరు పెట్టారు. ఆ దారిలో తిరిగే సిటీ బస్సుల బోర్డుల మీద ‘మిధాని’ అని రాసి ఉంటుంది. రోజూ ఆ బస్సెక్కేవాళ్లలో చాలామందికి అదొక స్టాపు పేరు, అంతే. నిజానికి అది మిశ్ర ధాతు నిగమ్ అనే మాటకు పొట్టిపేరు. 1973లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన లోహాల కర్మాగారం. ఆ చుట్టుపక్కలే ఎత్తయిన ప్రహరీల వెనక క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్, క్షిపణులు తయారు చేసే భారత్ డైనమిక్స్ ఉంటాయి. ఇంకాస్త ముందుకు పోతే కలాం హయాంలో మొదలైన రీసెర్చ్ సెంటర్ ఇమారత్. పృథ్వి, అగ్ని, ఆకాశ్, నాగ్ క్షిపణులకు పురుడు పోసింది ఈ నాలుగైదు గోడల మధ్యే.

అగ్రరాజ్యాల పోటీ అనగానే చూపు వాషింగ్టన్, బీజింగ్, మాస్కోల మీదకు పోతుంది. ఎవరు ఎవరితో చేతులు కలిపారు, ఎవరు ఎవరి మీద సుంకం వేశారు అన్న లెక్క మొదలవుతుంది. ఆ లెక్క అవసరమే. కానీ ఈ కూడలి దగ్గర నిలబడితే ఇంకో లెక్క కనిపిస్తుంది. ఏ వస్తువు మనకు ఇవ్వబోమన్నారు, దాన్ని మనం ఎన్నేళ్లకు చేసుకున్నాం, దేని కోసం ఇప్పటికీ ఎదురు చూస్తూ కూర్చున్నాం? దేశ వ్యూహం ఎంత గట్టిదో తేల్చేది ఈ రెండో లెక్కే.

2025లో మే నుంచి డిసెంబరు దాకా ఏం జరిగిందో చూడండి. మే 7 నుంచి 10 దాకా పాకిస్తాన్‌తో జరిగిన ఆపరేషన్ సిందూర్‌లో ఎదుటి పక్షం చైనా తయారీ జే-10సీ యుద్ధవిమానాలతో, పీఎల్-15 క్షిపణులతో దిగింది. ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు వేసిన శిక్ష. మరో నాలుగు రోజులకు ప్రధాని మోదీ చైనాలోని తియాన్‌జిన్‌లో షాంఘై సహకార సంస్థ సదస్సులో ఉన్నారు. అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో అదే అమెరికాతో పదేళ్ల రక్షణ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డిసెంబరు మొదటి వారంలో పుతిన్ ఢిల్లీకి వచ్చారు. ఇదంతా ఎనిమిది నెలల్లోనే.

దీన్ని చూసి మన పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉందనేవారు ఉన్నారు. ఆ పోలిక పూర్తిగా సరికాదు. పోకచెక్క తనంతట తాను కదలదు. 140 కోట్ల మంది ఉన్న దేశం కదలగలదు, కదులుతోంది కూడా. కాకపోతే ఎంత మేరకు కదలగలదన్నది ఆ దేశం దగ్గరున్న సామాను, ఆ సామానుకు కావలసిన విడిభాగాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

1971లో ఈ చిక్కు తక్కువ. ఆ ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరింది. డిసెంబరులో అమెరికా సప్తమ నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చినా మన వెనక ఒక అండ ఉందన్న ధైర్యం ఉంది. అప్పట్లో మాస్కోకు బీజింగ్‌తో పడదు. అందుకే చైనా విషయంలో మాస్కో మనవైపే ఉంటుందని నమ్మగలిగాం. ఇప్పుడు లెక్క తారుమారైంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదకు వెళ్లే ముందు రష్యా, తమ స్నేహానికి హద్దుల్లేవని చైనాతో కలిసి ప్రకటించింది. ఆ తర్వాత పాశ్చాత్య దేశాల ఆంక్షల దెబ్బకు చైనా మార్కెట్టే దానికి పెద్ద దిక్కయింది. శత్రు విమానాలను, క్షిపణులను కూల్చే ఎస్-400 వ్యవస్థ కోసం 2018లో మనం సంతకం చేసిన ఒప్పందంలో రష్యా నుంచి అయిదు రెజిమెంట్లు రావాలి. మూడు వచ్చాక యుద్ధం వల్ల మిగతావి ఆలస్యమయ్యాయి. ఇది రష్యా చేసిన ద్రోహం కాదు. తన ఇల్లు అంటుకున్నవాడు పక్కింటికి నీళ్లు మోయలేడు. కానీ లడఖ్‌లో మళ్లీ నిప్పు రాజుకుంటే ఆ కారణం మనకు పనికిరాదు.

లడఖ్ అన్నప్పుడు తెలుగువాళ్లకు సూర్యాపేట గుర్తు రాకుండా ఉండదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 20 మంది సైనికులు ప్రాణాలిచ్చారు. వారి ముందు నిలిచిన 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి కల్నల్ సంతోష్‌బాబుది ఆ ఊరే. 2024 అక్టోబరులో దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ మీద రాజీ కుదిరింది. ఆ రాజీ మంచిదే. హిమాలయాల అవతల చైనా వేసిన రోడ్లు, కట్టిన విమానాశ్రయాలు మాత్రం రాజీతో మాయం కావు.

మళ్లీ కంచన్‌బాగ్‌కు వద్దాం. 1983లో కలాం నాయకత్వంలో సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1987లో ఏడు సంపన్న దేశాలు కలిసి క్షిపణి పరిజ్ఞానం బయటి దేశాలకు పోకుండా ఎంటీసీఆర్ అనే కట్టడి పెట్టుకున్నాయి. అయినా 1988లో పృథ్వి, 1989 మే 22న అగ్ని ఎగిరాయి. రాకెట్ మోటారు తొడుగులకు కావలసిన మారేజింగ్ అనే అతి గట్టి ఉక్కును బయట అడిగితే దొరకని రోజుల్లో మిధాని కొలిమిలో కరిగించారు. అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజిన్, అంటే క్రయోజెనిక్ ఇంజిన్‌దీ ఇదే కథ. 1991లో రష్యా సంస్థ పరిజ్ఞానంతో సహా ఇస్తానంది; 1993లో అమెరికా ఒత్తిడికి వెనక్కి తగ్గి ఇంజిన్లు మాత్రమే ఇచ్చింది. 2014 జనవరిలో మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చింది. ఇరవై ఏళ్లు పట్టింది, కానీ ఆ విద్య ఇక ఎవరూ వెనక్కి తీసుకోలేరు. 2012లో అగ్ని-5 ఎగిరింది. 2016లో అదే ఎంటీసీఆర్ మనల్ని సభ్యదేశంగా చేర్చుకుంది. 2024 మార్చి 11న ఒకే అగ్ని-5 మీద వేర్వేరు లక్ష్యాలకు పోయే వార్‌హెడ్లను పరీక్షించారు.

ఇప్పుడు యుద్ధవిమానాల సంగతి చూద్దాం. ఇక్కడ ఎవరూ మనకు లేదనలేదు. సోవియట్ యూనియన్ మిగ్-21 ఇచ్చింది, లైసెన్సు మీద ఇక్కడే తయారు చేసుకోమంది. ఆ తర్వాత రష్యా సుఖోయ్-30 ఇచ్చింది, వాటి ఇంజిన్లు ఒడిశాలోని కోరాపుట్‌లో తయారవుతున్నాయి. డ్రాయింగులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో చెప్పే పుస్తకాలు వచ్చాయి. ఆ మిశ్రమంలో ఆ లోహం అంతే ఎందుకు ఉండాలో, ఆ వేడి అక్కడే ఎందుకు ఆగాలో ఎవరూ చెప్పలేదు. మనమూ గట్టిగా అడగలేదు, ఎందుకంటే విమానాలు వస్తూనే ఉన్నాయి కదా. 1980ల చివర్లో మొదలైన స్వదేశీ కావేరి ఇంజిన్, మన సొంత యుద్ధవిమానం తేజస్‌కు చాలినంత బలం ఇవ్వలేకపోయింది. 2008లో రెంటినీ విడదీశారు.

దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాం. తేజస్ మార్క్-1ఏ కోసం 2021లో 99 ఇంజిన్లకు అమెరికా కంపెనీ జీఈకి ఆర్డరిచ్చారు. మొదటిది 2023 మార్చిలో రావాల్సింది, 2025 మార్చిలో వచ్చింది. ఈ లోపు బెంగళూరులో విమానాల పని ఇంజిన్ కోసం ఆగింది. 2025 సెప్టెంబరు 26న చివరి మిగ్-21లు చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. వాయుసేనకు 42 స్క్వాడ్రన్లు, అంటే యుద్ధవిమానాల దళాలు ఉండాలి. ఆ రోజుతో 29కి పడిపోయాయి. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలంటారు. పార్లమెంటు డబ్బిచ్చింది, పైలట్లు సిద్ధంగా ఉన్నారు, ఆగింది ఎక్కడో సముద్రాల అవతల ఒక తయారీ వరసలో.

1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత తేజస్ విమాన నియంత్రణ వ్యవస్థ మీద అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజనీర్లను వెనక్కి పంపేశారు. వాళ్లు తిరిగొచ్చి ఆ పనిని ఇక్కడే పూర్తి చేశారు. 2001లో తేజస్ ఎగిరింది. లేదన్న చోట మనవాళ్లు నేర్చుకున్నారు, కొనగలిగిన చోట నేర్చుకోవడం వాయిదా పడింది. ఇన్నేళ్ల చరిత్రలో ఇది ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే, మన కొనుగోళ్ల విధానం దీన్ని లెక్కలోకి తీసుకోకపోవడం బాధ కలిగిస్తుంది.

జెట్ ఇంజిన్‌లో అంత కష్టమేముంది? కంచన్‌బాగ్‌లోని లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ చేసిన ఒక వస్తువును దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. అది టర్బైన్ బ్లేడు. చూడటానికి ఒంపు తిరిగిన చిన్న రెక్క. మండుతున్న వాయువులు దాన్ని తాకే చోట వేడి ఆ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ ఉంటుంది. లోపల సన్నని దారుల్లో చల్లటి గాలి పోతూ ఉంటే తప్ప అది నిలవదు. పైగా నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉండాలి.

మామూలు లోహం ముక్క లోపల లెక్కలేనన్ని స్ఫటికాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వేడి, ఒత్తిడి కలిస్తే ఆ ఇటుకల మధ్య అతుకులే ముందు తెగుతాయి. కాబట్టి అతుకే లేకుండా, బ్లేడు మొత్తం ఒకే ఒక్క స్ఫటికంగా పెరగాలి. దానికి ముందు మైనంతో బ్లేడు బొమ్మ చేస్తారు. దాని మీద పింగాణీ మట్టి పూతలు పొరలు పొరలుగా వేస్తారు. మైనాన్ని కరిగించి తీసేస్తే అచ్చు మిగులుతుంది. ఇంతవరకూ ఆదిలాబాద్ ఓజా కళాకారులకు తెలిసిన విద్యే. ఉట్నూరు, జైనూరు వైపు పల్లెల్లో వాళ్లు మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి ఇత్తడి పోత పోసేదీ ఇలాగే. 2018లో ఆ డోక్రా కళకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తేడా ఆ తర్వాతే. గాలి లేని కొలిమిలో నికెల్ మిశ్రమాన్ని అచ్చులో పోసి, వేడి అరలోంచి చల్లటి అరలోకి చాలా నెమ్మదిగా దించుతారు. అచ్చు అడుగున జిలేబీలా మెలికలు తిరిగిన సన్నని దారి ఉంటుంది. కింద ఎన్నో స్ఫటికాలు పుడతాయి, ఆ మెలికల్లో ఒకదానికొకటి అడ్డం తగులుకొని ఆగిపోతాయి, ఒక్కటే పైకి చేరుతుంది. ఆ ఒక్కటే బ్లేడంతా నిండుతుంది. ఎక్కడైనా రెండో స్ఫటికం మొలిస్తే ఆ బ్లేడు పక్కన పడేయాల్సిందే. 2021 ఏప్రిల్‌లో డీఎంఆర్‌ఎల్ ఈ పద్ధతిలో చేసిన 60 బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజిన్ కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు ఇచ్చింది. ఆ కార్యక్రమంలో చెయ్యాల్సినవి మొత్తం 300. లోకంలో ఈ పని తెలిసిన దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ వార్త మన పత్రికల్లో ఒక్క రోజుకు మించి నిలవలేదు. విదేశీ విమానం కొన్న వార్తకైతే నెలలపాటు చర్చ.

ఇలాంటి పనికి డబ్బు ఎంత పెడుతున్నాం? 2025-26లో రక్షణ బడ్జెట్ ₹6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకు ₹1.60 లక్షల కోట్లు పోతాయి. అవి దేశం తన సైనికులకు తీర్చాల్సిన రుణం, వాటి జోలికి పోకూడదు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో మొత్తానికి ఇచ్చింది ₹26,816 కోట్లు, అంటే నూటికి నాలుగు రూపాయలు కూడా లేదు. దేశంలో ఉన్న ఆ సంస్థ ప్రయోగశాలలన్నీ అందులోంచే పంచుకోవాలి.

ఇంజిన్ తర్వాత మన మెడ మీద కూర్చున్నది అయస్కాంతం. 2025 ఏప్రిల్ 4న చైనా సమేరియం, టెర్బియం, డిస్ప్రోసియం సహా ఏడు అరుదైన మూలకాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టింది. ఆ దెబ్బ మనకు కార్ల కంపెనీల ద్వారా తెలిసింది. కానీ క్షిపణి రెక్కల్ని తిప్పే చిన్న మోటార్లకూ, రాడార్లకూ ఇవే కావాలి. సమేరియం-కోబాల్ట్ అయస్కాంతం బాగా వేడెక్కినా బలం అంత తేలిగ్గా వదలదు కాబట్టి ఆయుధాల్లో వేడెక్కే చోట్ల దాన్ని వాడతారు.

ఇందులో తెలుగువాళ్లు ప్రత్యేకంగా ఆలోచించాల్సిన సంగతి ఉంది. దేశంలో ఎక్కడ ఏ అణు ఖనిజం ఉందో వెతికే సంస్థ ప్రధాన కార్యాలయం బేగంపేటలోనే ఉంది. ఆ సంస్థ లెక్క ప్రకారం, ఈ అరుదైన మూలకాలుండే మోనజైట్ ఖనిజం దేశంలో 1.31 కోట్ల టన్నులు. అందులో ఆంధ్రప్రదేశ్ సముద్రతీరపు ఇసుకది పెద్ద వాటా. భీమునిపట్నం ఒడ్డున కాలికి అంటుకునే నల్లటి ఇసుకలో ఉన్నదిదే. సమేరియం-కోబాల్ట్ అయస్కాంతం చేసే విద్య డీఎంఆర్‌ఎల్ దగ్గర ఉంది. ఆ విద్యతో విశాఖపట్నంలో పెట్టిన కర్మాగారాన్ని 2023 మేలో జాతికి అంకితం చేశారు. ఇసుక మనదే, విద్య మనదే, కర్మాగారమూ మనదే. కానీ అది ఏడాదికి చేయగలిగేది 3,000 కిలోలు. ఒక లారీలో పట్టేంత.

2025 నవంబరులో కేంద్రం ₹7,280 కోట్లతో ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీకి పథకం తెచ్చింది. ఆలస్యమైనా సరైన అడుగు. అయితే మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి తవ్వకం ప్రభుత్వం చేతిలోనే ఉండాలి, దానికి తగ్గట్టే అనుమతులు నెమ్మదిగా వస్తాయి. పైగా డిస్ప్రోసియం లాంటి బరువైన మూలకాలు మన ఇసుకలో తగినంత లేవు. వాటికి బయటి దేశాలతో పొత్తు కావాల్సిందే. స్నేహాలు ఎక్కడ అవసరమో ఇలాంటి చోట తెలుస్తుంది. జెండాలు చూసి కాదు, మన ఇసుకలో లేనిదాన్ని చూసి స్నేహితుల్ని వెతుక్కోవాలి.

అన్నీ మనమే చెయ్యాలా? అక్కర్లేదు, చెయ్యలేం కూడా. స్వీడన్ యుద్ధవిమానం అమెరికా ఇంజిన్‌తోనే ఎగురుతుంది. స్టాక్‌హోం పరిశోధన సంస్థ సిప్రి లెక్కల్లో 2010-14 మధ్య మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 72 శాతం. 2020-24కి అది 36కి తగ్గింది, ఫ్రాన్స్, ఇజ్రాయెల్, అమెరికా ఆ చోట్లోకి వచ్చాయి. నలుగురి దగ్గర కొనడం ఒకరి దగ్గర కొనడం కంటే నయం. కానీ నలుగురు దుకాణదారులు ఉన్నంత మాత్రాన మన ఇంట్లో ధాన్యం ఉన్నట్టు కాదు. కాబట్టి ప్రశ్న ఇలా వేసుకోవాలి: యుద్ధం రెండో వారంలోకి వెళ్లినప్పుడు ఏ ఒక్క వస్తువు రాకపోతే అన్నీ ఆగుతాయి? ఇంజిన్, క్షిపణి కన్నయిన సీకర్, అయస్కాంతం, చిప్, మందుగుండు. ఈ కాసిని మాత్రం ఎంత ఖర్చయినా, ఎన్నిసార్లు విఫలమైనా ఇంట్లో ఉండాలి. ట్రక్కులు, తుపాకులు, గుడారాలు ఎక్కడ కొన్నా కొంప మునగదు.

సీకర్ విషయంలో హైదరాబాద్ దారి చూపింది. బ్రహ్మోస్ రష్యాతో కలిసి చేసిన క్షిపణి. మొదట్లో దాని సీకర్ అక్కడి నుంచే వచ్చేది. 2018 మార్చిలో ఇక్కడ చేసిన స్వదేశీ సీకర్‌తో అది ఎగిరింది. 2022లో ఫిలిప్పీన్స్ 37.5 కోట్ల డాలర్లకు బ్రహ్మోస్ కొనుక్కుంది, 2024 ఏప్రిల్‌లో మొదటి విడత అందుకుంది. దక్షిణ చైనా సముద్రంలో చైనాతో తగువున్న దేశం అది. మన రక్షణ ఎగుమతులు 2013-14లో ₹686 కోట్లు, 2024-25లో ₹23,622 కోట్లు. వీటి వెనక పెద్ద సంస్థలే కాక బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్లల్లో లేత్ మిషన్ల మీద పనిచేసే చిన్న కార్ఖానాలూ ఉన్నాయి. వాళ్ల కష్టం వేరు. కొనేది ప్రభుత్వం ఒక్కటే, ఆర్డరు ఒక ఏడాది వచ్చి రెండేళ్లు రాకపోతే నేర్పరి పనివాడు వేరే చోటికి పోతాడు. అతనితో పాటే పదేళ్ల చేతిపని పోతుంది. ఏటా కాస్త కాస్తగానైనా ఆగకుండా ఆర్డర్లివ్వడం కూడా రక్షణ వ్యూహంలో భాగమని గుర్తించాలి.

నగరానికి పడమర వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ అక్కడ నౌకాదళ రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సముద్రం లేని చోట నౌకాదళానికి ఏం పని అని చాలామంది అడిగారు. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగవు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు కొన్ని మీటర్ల లోతుకు పోతాయి. వాటిని పంపడానికి భారీ యాంటెన్నాలు, విశాలమైన చోటు కావాలి. అణ్వాయుధాలు ముందుగా వాడబోమన్నది మన విధానం. ముందు దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టగలిగితేనే ఆ మాటకు విలువ. అది అన్నిటికంటే నమ్మకంగా చేయగలిగేది నీటి అడుగున దాగిన అరిహంత్, అరిఘాత్ లాంటి జలాంతర్గాములే. విశాఖలో పుట్టిన ఆ జలాంతర్గాములకు పైకి రాకుండానే ఆజ్ఞ అందించేందుకు తిరునెల్వేలి తర్వాత రెండో కేంద్రంగా దీన్ని కడుతున్నారు. దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి ఇచ్చారు. మూసీ పుట్టే అనంతగిరి కొండల ప్రాంతం కావడంతో చెట్ల గురించి, నీటి గురించి, అడవిలోని రామలింగేశ్వర స్వామి గుడికి దారి గురించి ఊళ్లవాళ్లు భయపడ్డారు. ఆ భయాన్ని దేశద్రోహంగా చూడటం తప్పు. కేంద్రం అవసరమే. ఎన్ని చెట్లు పోతాయి, ఎక్కడ ఎన్ని నాటుతారు, గుడికి ఎవరు ఎప్పుడు వెళ్లొచ్చు అన్నవి రహస్యాలు కావు. వాటికి తెలుగులో, ఊరి సభలో, లెక్కతో సహా జవాబు చెప్పాలి.

ఇక ముందున్న పెద్ద నిర్ణయం మళ్లీ ఇంజినే. రాబోయే స్వదేశీ యుద్ధవిమానం ఆమ్కా కోసం ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్‌తో కలిసి ఇంజిన్ రూపొందిస్తామని 2025 ఆగస్టులో రాజ్‌నాథ్ సింగ్ ప్రకటించారు. ఒప్పందం బయటికొచ్చిన రోజు అందరూ ధర గురించి, విమానాల సంఖ్య గురించి మాట్లాడతారు. అంతకంటే ముందు చూడాల్సిన పేజీలు వేరే ఉన్నాయి. టర్బైన్ బ్లేడు పోత ఎక్కడ పోస్తారు? ఆ మిశ్రమం పాళ్లు ఎవరి పేరు మీద ఉంటాయి? పగిలిన బ్లేడును కోసి చూసి, అది ఎందుకు పగిలిందో రాసే హక్కు కంచన్‌బాగ్‌లోని మన ఇంజనీరుకు ఉంటుందా, లేక దాన్ని డబ్బాలో పెట్టి సీలు వేసి పారిస్ పంపాలా?